నూకరత్నం బిగించిన నట్టు

చలికారు, 3వ రోజు
వేడి: 46. చప్పుడు: ఉంది. కారడం: లేదు. విశేషాలు:

ఒసేయ్ బొమ్మిడాయీ, నీ కాగు మళ్ళీ గొణుగుతోందే.

విశేషాలు రాసుకోవడానికి రెండు వరసలే ఇచ్చారు చావిడి వాళ్ళు. నాకెక్కడ చాలుతాయి? పక్క కాగితం కూడా వాడేస్తున్నాను. తిడితే తిట్టుకోనీ. నీళ్ళు కాచే కాగు ప్రతి ఇంట్లో ఉండాలి, ప్రతి కాగుకీ ఒక పుస్తకం ఉండాలి, రోజూ చూసి రాయాలి. కాగు చచ్చిన నాడు పుస్తకం కూడా దాని వెనకాలే, కాగుల బాగోగులు చూసే ఆ చావిడికి పోతుంది. కొండ మీద మెట్లు మెట్లుగా ఉన్న ఈ ఊళ్ళో రూలు అది. నువ్వున్నప్పుడు చీమలబారులా సన్నగా రాసేదానివి. నువ్వు పోయాక ఈ రెండేళ్ళూ నేను అంకెలు మాత్రమే వేశాను. ఈ రోజు నుంచి మాటలు కూడా రాస్తాను. ఎవరితోనో ఒకరితో దెబ్బలాడకపోతే నా తల పగిలిపోయేలా ఉంది. అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి నువ్వే పడు.

పొద్దున తొట్టిలో నీళ్ళు పైన గడ్డ కట్టాయి. రోకలితో కొట్టి పగలగొట్టాను. చేపల తొట్ల దగ్గర పని, ఆరు గంటలు అలాంటి నీళ్ళలోనే చేతులు. ఇంటికొచ్చి వేడినీళ్ళలో పెట్టకపోతే వేళ్ళు నల్లబడతాయి. పక్కింటి జోగమ్మకి అలాగే రెండు వేళ్ళు పోయాయి, నీకు తెలుసు. నలభై ఆరు వేడి చాలదు. యాభై ఐదు ఉండాలి.

చావిడి వాళ్ళు గోడకి బిగించిన మాటల పెట్టె ఉంది కదా, ఆ గోడపెట్టెని అడిగాను. అది ఎప్పటిలాగే పంతులు గొంతుతో "మీ కాగు వయసు పదమూడు సంవత్సరములు. మార్చుకొనుట శ్రేయస్కరము" అంది.

"నా వయసు యాభై ఎనిమిది. నన్ను కూడా మార్చేస్తావా?" అన్నాను.

"ప్రశ్న అర్థము కాలేదు" అంది. దానికి ఏది అర్థమయింది గనక.

చలికారు, 5వ రోజు
వేడి: 46. చప్పుడు: పొద్దున ఉంది, మధ్యాహ్నం లేదు.

గౌరునాయుడు వచ్చాడు. నీతోపాటు చావిడిలో పని నేర్చుకున్నవాడు, నువ్వు పానాతో వీపు మీద పొడిచి ఏడిపించేదానివి, ఆ గౌరునాయుడే. ఇప్పుడు ఈ పదకొండో మెట్టు కాగులన్నీ అతనివే. చెప్పులు విడిచి, కాగు ఒంటికి చెవి ఆనించి విన్నాడు.

"మరమరాలు ఏపుతున్నట్టున్నాది అత్తా."

"అది నాకూ ఇనపడతన్నాది. ఎందుకో సెప్పు."

"అడుగున సున్నం పేరుకున్నాది. దాని కిందన నీరు సిక్కుకుని ఉడుకుతాది, బుడగలు పేల్తాయి. కడిగీస్తే సరి."

"మార్చక్కర్నేదు కదా?"

"గోడపెట్టి మాటలినకు. అది వయసొక్కటే సూస్తాది. మనిషైనా కాగైనా రోగం ఏటో సూడాల గానీ వయసు సూస్తే ఎలగ?"

అడుగు కుళాయి విప్పి మూడు బాల్చీలు తోడాడు. చివరి బాల్చీలో తెల్లటి పెళ్ళలు, మన రేవులో ఆల్చిప్పలు విరిగినట్టు. చప్పుడు పోయింది. నాకు ఎంత సంతోషమైందంటే అతనికి అంబలి పోశాను.

తాగుతూ ఈ పుస్తకం తిరగేశాడు. "కడ్డీ నిరుడు మార్చినట్టున్నాది. నా గురుతు కూడా ఉన్నాది. మంచిదే" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

చలికారు, 9వ రోజు
వేడి: 38

చప్పుడు పోతే బాగుపడుతుందనుకున్నాను. ఈ రోజు చేతులు పెడితే పసిపిల్లకి పోసేపాటి వేడి కూడా లేదు.

కాయిల్ పోయిందన్నాడు గౌరునాయుడు. పాత కాయిల్ బయటకి తీస్తే వెన్నుపూసలా విరిగిపోయి ఉంది. కొత్తది వేశాడు. సాయంత్రానికి యాభై నాలుగు. ఒక డిగ్రీ తక్కువైనా నేనేమీ అనలేదు. గోడపెట్టె మాత్రం అంది. "వరుసగా రెండు మరమ్మతులు. మార్చుకొనుట శ్రేయస్కరము." దాని మీద తడిగుడ్డ కప్పాను. గుడ్డ కింద నుంచి కూడా అంటోంది.

నీకు తొలి స్నానం పోసినప్పుడు నా రెండు చేతుల్లోంచి జారి బాల్చీలో పడ్డావు. మీ నాన్న కంగారుపడి పట్టుకుంటే అతని చేతుల్లోంచీ జారావు. "ఇది పిల్ల కాదే, బొమ్మిడాయి" అన్నాడు. అప్పటి నుంచే ఆ పేరు. ఎందుకో ఈ రోజు గుర్తొచ్చింది. విశేషాలలో రాయొచ్చో లేదో తెలీదు.

చలికారు, 14వ రోజు
వేడి: 51. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదానిలో చన్నీళ్ళ కుళాయి, ఒకదానిలో వేడినీళ్ళ కుళాయి పట్టాను. రెండూ ఎర్రగా ఉంటే వీధి గొట్టం తప్పు. వేడినీళ్ళు మాత్రమే ఎర్రగా ఉంటే కాగు లోపల తుప్పు.

చన్నీళ్ళు తేటగా ఉన్నాయి.

మళ్ళీ పట్టాను. మళ్ళీ అంతే. మూడోసారి గ్లాసులు మార్చి పట్టాను, గ్లాసుదేమైనా తప్పేమో అని. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

ఎప్పుడూ ఎండని కమ్మేసే పై మబ్బు తెర ఈ రోజు మధ్యాహ్నం పలచబడింది. గంటసేపు నేల మీద నీడలు కనిపించాయి. వీధిలో పిల్లలు వాళ్ళ నీడల్ని తొక్కడానికి పరుగెత్తారు. జోగమ్మ నన్ను బయటకి పిలిచింది. నేను వెళ్ళలేదు. గ్లాసుల దగ్గరే కూచున్నాను.

చలికారు, 15వ రోజు

అంకెలు వేయను ఈ రోజు. నీకు ఒక మాట చెప్పాలి.

నిరుడు కడ్డీ మార్చలేదే.

నువ్వు కాగు బిగించిన రోజున నాకు చూపించావు. చేతికర్రంత పొడుగు, బూడిదరంగు. "ఏటే ఇది?" అన్నాను. "నీళ్ళకి ఆకలేస్తాదమ్మా. ఇనుం కనిపిస్తే తినీస్తాయి. ఈ కడ్డీ లోపల పెడితే దీన్నే తింటాయి, ట్యాంకు జోలికి పోవు. మూడేళ్ళకోపాలి కొత్తది పెట్టాల, మరిసిపోకు" అన్నావు. మూడేళ్ళకోసారి నువ్వే మార్చావు. ఆఖరుసారి మార్చింది నువ్వు పోవడానికి రెండేళ్ళ ముందు. ఆ రోజు నీ మోచేతికి గ్రీజు అంటింది, అదే చేత్తో నా చీర పట్టుకున్నావు. ఆ మరక పోలేదు.

చావిడిలో దాన్ని బలికడ్డీ అంటారు. ఆ మాట నాకు పడదు. నువ్వు పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ అదే మాట. "మెట్టు కోసం బలైపోనాది." ఆస్పత్రి గోడ మీద కూడా అదే చెక్కారు. ఎవరికి బలి? ఎవరడిగారు? ఎవడో ఒక బద్ధకస్తుడు చేసిన పనికి నా పిల్ల పోయింది. అది బలి కాదు.

నిరుడు గడువుకి గౌరునాయుడు కొత్త కడ్డీ పట్టుకుని వచ్చాడు. నేను గుమ్మంలోనే ఆపేశాను. "నిన్న తొమ్మిదో మెట్టు మనిషొచ్చి మార్చీసినాడు నాయనా" అన్నాను. నా మాట నమ్మి, తన జాబితాలో ఉంది కాబట్టి, గురుతు పెట్టి వెళ్ళాడు.

ఎందుకో నీకు తెలుసు. మన రేవు అలవాటు అది. వేటకి పోయినవాడు తిరిగి రాకపోతే, పోయే ముందు అతను వేసిన ఆఖరి ముడి ఎవరూ విప్పరు. వలదైనా, తాడుదైనా. గుంజకి తగిలించి వదిలేస్తారు, అదే పుచ్చి రాలిపోయేదాకా. మా నాన్న ముడి మా గుమ్మానికి మూడేళ్ళు వేలాడింది. సముద్రం ఇళ్ళలోకి వచ్చిన రోజు కూడా మా అమ్మ దాన్ని విప్పలేదు. గుమ్మంతో సహా వదిలేసి కొండెక్కాం.

ఇక్కడ వలలెక్కడివి? ముడులెక్కడివి? నీ చేత్తో బిగించిందంటూ నాకు మిగిలింది ఆ కడ్డీ తల మీది నట్టొక్కటే. పానా వేసి వాణ్ణి విప్పమని ఎలా అనేది?

చలికారు, 19వ రోజు
వేడి: 50. కారడం: ఉంది.

పొద్దున కాగు పక్కన తడి. పై వాల్వు నుంచి చుక్క చుక్కగా పడుతోంది. జోగమ్మ వచ్చి చూసింది. తినడానికి చోడి రొట్టె తెచ్చింది, నేను తర్వాత తింటానన్నాను.

"తరవాతంటే ఎప్పుడు వదినా? రెండేళ్ళ కాడి నుండి ఓ పూట అంబలితోనే గడిపీస్తన్నావు. నువ్వేటీ తినకపోతే ఒళ్ళు ఊరుకుంటాదనుకున్నావేటి? ఒంటినే తింటాది."

"నా ఒళ్ళు సంగతి నానే సూసుకుంటాను గానీ, ఆ తడి సూడు."

"దానికేటి, గుడ్డ సుట్టి తీగతో కట్టీ. మా ఆయన కూడా అలగే..."

నేను కేకలేశాను బొమ్మిడాయీ. చేతిలో ఉన్న చెంబు విసిరేశాను. జోగమ్మకి తగల్లేదు. తగిలి ఉంటే? చెంబు గోడపెట్టెకి తగిలింది, అది "ప్రశ్న అర్థము కాలేదు" అంది. జోగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తప్పు మాట అన్నానని దానికి అప్పుడు తోచింది.

తీగ. తొమ్మిదో మెట్టు ఆస్పత్రి కాగుకి కూడా ఎవడో అలాగే కట్టాడు. వాల్వు కారుతోందని, నేల తడుస్తోందని, తుడవలేక తీగతో బిగించి కట్టేశాడు. లోపల ఆవిరికి దారి లేకుండా పోయింది. మంచాల మీద వాళ్ళని బయటకి పంపి, తీగ కోయడానికి నువ్వు వెనక్కి వెళ్ళావు.

వాల్వు కారితే అది కాగు ఊపిరి పీల్చుకోవడం. ఎక్కువ కారితే వాల్వు మార్చాలి. మూయకూడదు. ఎప్పుడూ మూయకూడదు. ఈ వరస కింద రెండు గీతలు గీస్తున్నాను.

జోగమ్మ పోతూ పోతూ నాలుగు గుప్పిళ్ళ ముగ్గుపిండి ఇచ్చింది. "కింద సల్లి సూడు. పై నుండి పడతన్న నీరో, అడుగు నుండి వస్తన్నదో తెలుస్తాది" అంది. చెంబు విసిరినా తెలివైన మాటే చెప్పింది.

చలికారు, 22వ రోజు
వేడి: 47.

వాల్వు కింద బాల్చీ పెట్టాను. దాని చుక్కలు అందులోనే పడుతున్నాయి. కాగు చుట్టూ ముగ్గుపిండి మూడు రోజులూ పొడిగానే ఉంది. ఈ పొద్దున అడుగు అతుకు కింద వేలంత మేర ఎర్రగా తడిసింది.

గౌరునాయుడు వంగి చూశాడు. వేలితో తుడిచి, వాసన చూసి, ఆ వేలు చొక్కాకి రుద్దుకున్నాడు.

"సెప్పు" అన్నాను.

"సున్నమైతే కడుగుతాం. కాయిలైతే మారుస్తాం. వాల్వైతే కొత్తదేస్తాం. ట్యాంకే కారితే మందు నేదత్తా."

"అతుకెయ్యి."

"తుప్పు మీద అతుకు నిలవదు. ఇయ్యాల ఇక్కడేస్తే రేపు పక్కన కన్నం పడతాది. ఓ పొద్దు మొత్తం అడుగూడిపోతే నువ్వు కాళ్ళు కాల్చుకుంటావు."

ఎర్ర చీటీ తీసి కాగుకి అంటించాడు. పసుపు చీటీ అయితే మరమ్మతు, ఎర్ర చీటీ అయితే మార్చడం. నాకు ఆ చీటీ పీకేయాలనిపించింది. వాడి మొహం చూసి ఊరుకున్నాను. వాడికీ బాగాలేదు.

"నాకొకటి అర్థం కావట్లేదత్తా. కడ్డీ నిరుడే మారింది కదా. మారిస్తే ట్యాంకుకి తుప్పెలగ వస్తాది? ఎల్లుండి తనిఖీకొస్తారు. కడ్డీ తీసి సూస్తారు. పాతది కనిపిస్తే..."

"కనిపిస్తే?"

"సూడకుండా గురుతెట్టినందుకు నా సంచి తీసీసుకుంటారు. ఇంకేటుంది." నవ్వాడు. పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆ సంచి పట్టీ నువ్వు కుట్టిందే. ముదురు నీలం దారం.

నేను తడిసిన ముగ్గుపిండి ఊడవడానికి చీపురు తీశాను. అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

చలికారు, 23వ రోజు

నేను మంచిదాన్ని కాదే. నిన్నే చెప్పాల్సింది.

ఎవడో వాల్వుకి తీగ కట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయాడని రెండేళ్ళ నుంచి శాపనార్థాలు పెడుతున్నాను కదా. నేను చేసిందేమిటి? నేను కూడా పుస్తకంలో అబద్ధం రాయించి నోరు మూసుకున్నాను. ఏదీ పేలలేదు, అంతే తేడా.

పొద్దున్నే నీ పెద్ద పానా తీశాను. నట్టు కదల్లేదు. నువ్వు గట్టిగా బిగించావు, నీ పని ఎప్పుడూ అంతే. జోగమ్మని పిలిచాను. చెంబు సంగతి ఎత్తకుండానే వచ్చింది.

"ఇప్పీమంటావా?" అంది.

"నానే ఇప్పుతాను. నువ్వు సాయం పట్టు."

కిందకి నీళ్ళు వదిలి, పానా చివర రోకలి తగిలించి ఇద్దరం వాలాం. మూడు వేళ్ళు లేకపోయినా... కాదు, రెండు. కోపంలో లెక్క కూడా తప్పుతోంది. రెండు వేళ్ళు లేకపోయినా జోగమ్మకి బలం ఉంది. కీచుమని ఒక్కసారి తిరిగింది. ఆ చప్పుడు నా గుండెలో తిరిగింది.

పైకి లాగాను. కడ్డీ రాలేదే. చేతికర్రంత ఉండేది, కడ్డీయే లేదు. కడ్డీ నడిమధ్యన ఉండే సన్నటి తీగ ఒక్కటే నట్టుకి వేలాడుతూ వచ్చింది. దానికి అక్కడక్కడ అటుకుల్లాంటి తెల్ల పెళ్ళలు. ముట్టుకుంటే రాలిపోయాయి.

మొత్తం తినేశాయి నీళ్ళు. ఎప్పుడు అయిపోయిందో ఏమో. అది ఉన్నంతకాలం ట్యాంకుని కాపాడింది. అది అయిపోయాక నీళ్ళు ట్యాంకుని తినడం మొదలెట్టాయి. నీ చేతి గుర్తని నేను పట్టుకుని కూచున్నది లోపల లేనే లేదు. దాని కోసం నువ్వు బిగించిన కాగు మొత్తం పోగొట్టాను.

నేల మీద కూచుండిపోయాను. ఏడిచాను, నట్టు మీద కోపంతో, నా మీద కోపంతో, ఆ ముసలి రేవు మీద కోపంతో. "నీ ఆఖరి ముడి ఇప్పీసినానే" అన్నాను పైకే.

జోగమ్మ ఆ తీగ చేతిలోకి తీసుకుంది. తనదీ మన రేవే.

"ఇప్పనేదు వదినా. ముడి పుచ్చిపోయేదాకే కదా మనవాళ్ళు ఆగమన్నారు. పుచ్చిపోనాది సూడు. ఎప్పుడో పుచ్చిపోనాది. నువ్వు కాసుకుని కూకున్నది ఉట్టి గుంజనే."

దానికేమైనా చదువుందా, ఇంత మాట ఎక్కడ నేర్చుకుంది?

తర్వాత అది ఇంటికెళ్ళి పొయ్యి మీద ఉన్నది గిన్నెతో సహా పట్టుకొచ్చింది. తొట్టి చేపల పులుసు, చోడిముద్ద. "తిను. నేకపోతే ఈసారి సెంబు నా సేతిలో ఉంటాది" అంది. రెండు ముద్దలు తిన్నాను. తర్వాత ఇంకో రెండు. నా కడుపు అంత చప్పుడు చేసి ఎన్నాళ్ళయిందో.

చలికారు, 24వ రోజు

తనిఖీ ఆవిడ వచ్చింది. చావిడి నుంచి. గౌరునాయుడు గుమ్మం బయటే నిలబడ్డాడు, సంచి ముందుకి తిప్పి రెండు చేతులతో పట్టుకుని.

ఆవిడ నోరు తెరవకముందే నట్టూ తీగా బల్ల మీద పెట్టాను.

"నిరుడు ఎవరూ మార్సనేదమ్మా. ఈ అబ్బాయి కడ్డీ తెచ్చినాడు. నానే అబద్ధమాడి ఎనక్కి పంపినాను."

"ఎందుకమ్మా?"

"నా పిల్ల బిగించినాది."

ఆవిడ తీగని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ పిల్లెవరు?"

"నూకరత్నం."

ఆవిడ ఆ పేరు విని తల దించుకుంది. చావిడిలో అందరికీ తెలుసు. బలి అనే మాట అంటుందేమో అని ఒళ్ళు బిగబట్టుకున్నాను. అనలేదు. "ఆవిడ దగ్గరే నేను వాల్వులు నేర్చుకున్నాను" అని మాత్రం అంది. పుస్తకంలో "తప్పు ఇంటివారిది, పనివానిది కాదు" అని రాసి నా చేత వేలిముద్ర వేయించబోయింది. సంతకం పెట్టాను. పైడితల్లి. నాలుగక్షరాలూ, ఒత్తుతో సహా. నువ్వు నేర్పినవి.

తప్పు నాది కాబట్టి కొత్త కాగు వరసలో చివరికి పోయింది. పన్నెండు రోజులు పడుతుందట. అన్నాళ్ళూ చేతులు జోగమ్మ ఇంట్లో కాచుకోవాలి. దాని ముందు రోజూ చెయ్యి చాపాలంటే చిరాకే. చెంబు కథ మెట్టంతా చెప్పి ఉంటుంది.

గౌరునాయుడు పోయేటప్పుడు, "కొత్త దాంట్లో కడ్డీ నువ్వే బిగించు అత్తా. మూడేళ్ళకి నువ్వే ఇప్పాల మరి" అన్నాడు. పెంకెగా అన్నాడు. నువ్వు వాడిని పానాతో ఎందుకు పొడిచేదానివో ఇప్పుడు తెలిసింది.

చలికారు, 25వ రోజు

పొద్దున్నే బండి వచ్చింది. కాగు తీసుకుపోతున్నారు. నేల మీద ఇటుకరంగు గుండ్రటి మచ్చ మిగిలింది. ఈ పుస్తకం దానితోపాటే పోవాలి కాబట్టి ఇదే ఆఖరి పేజీ. నట్టు ఉంచుకోవచ్చా అని అడిగాను. పనికొచ్చే ఇనుము, ఇంకో ఇంటికి వేస్తామన్నారు. ఇచ్చేశాను. తీగ మాత్రం నా దగ్గరే ఉంది.

బొమ్మిడాయీ, నీతో ఇక పైన మాట్లాడుతూనే ఉంటాను, పుస్తకం అక్కర్లేకుండా.

ఇక ఈ పుస్తకం చావిడిలో తెరిచే వారికి. మీరెవరో నాకు తెలీదు. నేను చదువుకున్నదాన్ని కాను, పక్క కాగితాలు కూడా వాడేశాను, క్షమించండి. ఇందులో మీకు పనికొచ్చేది కొంచెమే ఉంది. చప్పుడు చేస్తే మార్చకండి, కడగండి. చల్లబడితే కాయిల్ చూడండి. వాల్వు కారితే మూయకండి. అడుగు కారితే ఏడవకుండా మార్చేయండి. కడ్డీ గడువు మాత్రం తప్పనివ్వకండి, దాన్ని బిగించిన చెయ్యి ఎవరిదైనా సరే. ఇంట్లో ఎవరైనా నాలాంటిది గుమ్మంలో అడ్డం నిలబడి మార్చేశాం అంటే నమ్మకండి. లోపలికి రండి, నట్టు విప్పి చూడండి, ఆవిడ తిడుతుంది, తిట్టనివ్వండి.

మీరు పొద్దున్నే చలిలో సంచి తగిలించుకుని బయలుదేరేవాళ్ళు. ఖాళీ కడుపుతో పోకండి. కూచుని, వేడిగా, బాగా తినండి.